నుకులావు: పగడపు దిబ్బపై తెలుగువారి తొలియడుగు

విశాఖపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు 18 డిగ్రీల దూరమున నున్నది. పసిఫిక్ మహాసముద్రములో ఫిజీ దేశమునకు రాజధానియగు సువా నగరము అదే రేఖకు దక్షిణముగా ఇంచుమించు అంతే దూరమున నున్నది. అందుచేత రెండుచోట్లను కొబ్బరిచెట్టు ఒకటే, చెరకుతోట ఒకటే, తుఫానుగాలి ఒకటే; ఋతువులు మాత్రము తలక్రిందులు. మనము భోగిమంటల చుట్టు చేరి చలి కాచుకొను దినములలో అచటి తెలుగువారు ఉక్కపోతతో వేగుచు, ఏ దిక్కునుండి గాలివాన వచ్చునోయని ఆకాశమువంక చూచుచుందురు.

అచటి తెలుగువారనుట పొరపాటు కాదు. నూటయిరువది సంవత్సరములకు పైగా మనవారు ఆ దీవులలో నివసించుచున్నారు. వారి పూర్వులు ఓడదిగి ఫిజీ నేలపై తొలుత కాలు మోపిన చోటు ఒక చిన్న ఇసుకదిబ్బ. దాని పేరు నుకులావు. పెద్ద పటములలో చుక్కగానైనను కానరాని ఆ దిబ్బ చరిత్రను ఈ సంచిక పాఠకులకు నివేదించుటయే నా ఉద్దేశము. టెల్కో కాలనీలో కూర్చుండి ఎక్కడి పసిఫిక్ దీవి మాట యెందుకని ఎవరైన అడుగవచ్చును. వ్యాసము ముగియులోపల ఆ ప్రశ్నకు సమాధానము దొరకునని నా నమ్మకము.

దిబ్బ పుట్టుక

ఫిజీ దేశమున సుమారు 330 దీవులు కలవు. వానిలో వీటిలేవు, వనువాలేవు అనునవి పెద్దవి. ఇవి అగ్నిపర్వతముల వలన పుట్టిన ఎత్తైన దీవులు. కొండలు, నదులు, సారవంతమైన భూములు గలవి. ఈ పెద్ద దీవుల చుట్టును తీరమునకు కొంత దూరములో పగడపు గట్లు కోటగోడలవలె అమరియున్నవి. తూర్పుననున్న లావు దీవుల సమూహములోనైతే నడుమ భూమి యేమియు లేక, ఉంగరమువంటి పగడపు వలయము మాత్రమే మిగిలిన దీవులును కలవు.

పగడపు పురుగు మిక్కిలి చిన్న ప్రాణి. అది సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తనచుట్టు గూడు కట్టుకొనును. ఒక తరము గూటిమీద మరియొక తరము గూడు కట్టగా వేల సంవత్సరములకు అది గట్టగును. దానికి వెచ్చని నీరు కావలెను, వెలుతురు కావలెను, బురద పనికిరాదు. కనుకనే నదీముఖములయెదుట గట్టు తెగియుండును. ఓడలు లోనికి వచ్చుటకు ఆ సందులే దారులు. ఇట్టి గట్లు ఉంగరములుగా మారుట యెట్లో 1842లో చార్లెస్ డార్విన్ వివరించెను. అగ్నిపర్వతము మెల్లగా క్రుంగుచుండగా దాని యంచున పగడము మీదికి పెరుగుచు పోవును; చివరకు పర్వతము మునిగి వలయము మాత్రము నిలుచునని ఆయన యూహ. 1952లో ఎనివెటాక్ అను వలయదీవిలో బెజ్జము వేయగా, 1,200 మీటర్లు దాటిన పిమ్మట పగడపు సున్నపురాయి ముగిసి అగ్నిశిల తగిలినది. నూటపది సంవత్సరములకు ఆ యూహ నిజమని తేలెను.

నుకులావు వలయదీవి కాదు. వీటిలేవు దీవికి ఆగ్నేయమున, రేవా నది సముద్రములో కలియు ప్రాంతమున, పగడపు గట్టుమీద అలలు పోగుచేసిన దిబ్బ. విరిగిన పగడపు ముక్కలు, గుల్లలు, పగడమును కొరికి నమలు చేపలు విడిచిన తెల్లని పిండి, ఇవియే దాని మన్ను. ఫిజీ భాషలో "నుకు" అనగా ఇసుక. కొన్ని కొబ్బరిచెట్లు, చుట్టును తెల్లని ఒడ్డు, ఆవల లేత ఆకుపచ్చని నీరు. కొలది నిమిషములలో చుట్టివచ్చునంతటి దీవి. అయినను ఒక దేశపు చరిత్ర రెండుమారులు దానిమీదుగా నడచినది.

ఒక అగ్నిప్రమాదము

1840 ప్రాంతములలో ఫిజీలో యూరోపియను, అమెరికను వర్తకులు స్థిరపడసాగిరి. వారిలో జాన్ బ్రౌన్ విలియమ్స్ అనునతడు అమెరికా ప్రభుత్వమునకు వర్తక ప్రతినిధి. అతని యిల్లు నుకులావు మీద నుండెను. 1849 జూలై 4వ తేదీన తమ దేశ స్వాతంత్ర్యదినమును జరుపుకొనుచు ఫిరంగి పేల్చగా నిప్పంటుకొని ఆ యిల్లు తగులబడినది. ఆ గందరగోళములో చుట్టుపట్ల ఫిజీవారు సామానులు పట్టుకొనిపోయిరి. విలియమ్స్ తనకు కలిగిన నష్టము సుమారు 5,000 డాలర్లని లెక్కకట్టి, ఫిజీ రాజుగా పేరుపడిన థకోంబౌ దానిని చెల్లింపవలెనని పట్టుబట్టెను.

పండుగనాడు తాము పేల్చిన ఫిరంగికి పరుల రాజు బాధ్యుడగుట యెట్లో న్యాయశాస్త్రజ్ఞులే చెప్పవలెను. కాని తగవులో ఒక పక్షమువారికి యుద్ధనౌకలున్నవి. 1855లో అమెరికా నౌకాధికారి వచ్చి ఇతరుల నష్టములనుగూడ చేర్చి ఆ మొత్తమును 40,000 డాలర్లకు మించునట్లు చేసెను. అంత ధనము థకోంబౌ వద్ద లేదు. అప్పు తీర్చుటకై 1858లో దీవులను ఇంగ్లండుకు ఇచ్చెదననెను. అపుడు వారు స్వీకరింపలేదు. 1868లో ఒక ఆస్ట్రేలియను కంపెనీ అప్పు తీర్చెదమని ముందుకు వచ్చి, బదులుగా సువా ప్రాంతపు భూములను పొందెను. ఇతర చిక్కులును పెరిగెను. తుదకు 1874 అక్టోబరు 10వ తేదీన ఫిజీ బ్రిటిషువారి వశమైనది. ఆ దీవులు చేతులు మారుటకు ఈ ఋణ మొక్కటే కారణము కాదు. కాని కారణములలో నిది ముఖ్యమైనది.

మరుసటి సంవత్సరమే మహావిపత్తు కలిగెను. థకోంబౌ సిడ్నీ నగరమునకు పోయి తిరిగి వచ్చిన ఓడలో తట్టు వ్యాధి వచ్చినది. అంతకుముందు ఆ వ్యాధి నెరుగని ప్రజలలో సుమారు 40,000 మంది మరణించిరి. మొదటి గవర్నరు సర్ ఆర్థర్ గార్డన్ వచ్చుసరికి ఊళ్లకు ఊళ్లు పాడువడియున్నవి. ఫిజీవారిని తోటల కూలికి పంపరాదని ఆయన నిశ్చయించెను. మరి తోటలలో పని చేయువారెవరు? అంతకుముందు ట్రినిడాడు, మారిషసు దీవులలో ఆయన అధికారము నెరపినవాడు. అచట చెరకు కొట్టుచున్నవారు భారతీయులు. సమాధానము ఆయనకు వెదకనక్కరలేకపోయెను.

ఓడలు

ఈ కూలీల వలసలో మన జంషెడ్పూరు చుట్టుపట్ల నేలకును భాగము కలదు. 1830 తరువాత కలకత్తా రేవునుండి మారిషసుకు పంపబడిన తొలి కూలీలలో ఛోటానాగపూరు కొండజాతులవారు పలువురు. తెలుగువారు సైతము ఆ కాలముననే కోరంగి మొదలగు రేవులనుండి సముద్రము దాటిరి. బర్మాలో తెలుగువారినందరిని "కోరంగీ" లనుట ఆ రేవుపేరును బట్టియే.

ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్. కలకత్తానుండి బయలుదేరి 1879 మే 14వ తేదీన లెవుకా రేవు చేరినది. దిగినవారు 463 మంది. దారిలో కలరా, మశూచికము ప్రబలుటచే వారిని వేరొక చిన్న దీవిపై నుంచిరి. తట్టు వ్యాధి చేసిన గాయము మానలేదు గనుక, వచ్చినవారిని తీరమునకు దూరముగా నుంచి పరీక్షించుట తప్పనిసరి యయ్యెను. రాజధాని సువాకు మారిన పిమ్మట అందులకు ఎన్నుకొనబడిన చోటు నుకులావు. ఇల్లు కాలిన దిబ్బయే ఓడదిగినవారికి మొదటి మజిలీ యైనది.

ఆ మజిలీ చేరుటయు అందరికి ప్రాప్తింపలేదు. 1884 మే 11వ తేదీ రాత్రి సిరియా అను ఓడ నుకులావునకు దాపుననే నాసిలాయి గట్టును ఢీకొని బ్రద్దలైనది. దానిలో వచ్చిన కూలీలు 497 మంది. వారిలో 56 మంది, ఓడపనివారగు లాస్కరులు ముగ్గురు మునిగి మరణించిరి. డాక్టరు విలియమ్ మెక్‌గ్రెగర్ నాయకత్వమున పడవలు పోయి తక్కినవారిని రక్షించెను. సమీప గ్రామముల ఫిజీవారును అలలకెదురేగి తోడుపడిరి.

1903 నుండి చెన్నపట్టణపు రేవునుండియు కూలీలను పంపసాగిరి. 1916లో సట్లెజ్ అను కడపటి ఓడ వచ్చువరకు ఫిజీ చేరిన భారతీయులు మొత్తము 60,553 మంది. అందు చెన్నపట్టణమున ఓడ ఎక్కినవారు 15,114 మంది. వీరిలో తమిళులు అధికము, తరువాత తెలుగువారు. ఉత్తర ఆర్కాడు, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా జిల్లాల పేర్లు ఆ పత్రములలో కానవచ్చును. నేటి చిత్తూరు జిల్లాలో చాల భాగము 1911 వరకు ఉత్తర ఆర్కాడులోనిదే యని గుర్తుంచుకొనవలెను. వానలు లేక పంటలు పోయినవారు, అప్పులపాలైనవారు, ఇంట కలహించి వచ్చినవారు, పట్టణములో పని దొరకక తిరుగుచు ఏజెంట్ల మాట నమ్మినవారు, ఇట్టివారే యెక్కువమంది.

ఒప్పందము అయిదేండ్లకు. దినమునకు పురుషునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి. అదియు అప్పగించిన పని పూర్తిచేసిననే. పనికి రాకున్న జరిమానా, లేదా చెరసాల. అయిదేండ్ల పిమ్మట స్వంత వ్యయముతో తిరిగి పోవచ్చును. పదియేండ్లయినచో ప్రభుత్వము ఓడకూలి భరించును. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలను పంపవలెనని నియమము. దాని వలన కలిగిన అనర్థములు చెప్పనలవి కావు. "అగ్రిమెంటు" అను ఆంగ్లపదము కూలీల నోట "గిర్మిట్" అయినది, గిర్మిట్ చేసినవారు "గిర్మిటియా"లైరి. తాము కాపురమున్న బారకు గదుల వరుసలను వారు "నరకము" అని పిలుచుకొనిరి. ఆ పేరు వారు పెట్టుకొన్నదే గనుక వేరు వర్ణన అక్కరలేదు.

1912లో గోఖలే శాసనసభలో ఈ పద్ధతిని రద్దు చేయవలెనని తీర్మానము తెచ్చెను. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ ఫిజీకి పోయి స్వయముగా చూచి వ్రాసిన నివేదిక దేశమును కలచివైచెను. 1916తో ఓడలు ఆగినవి. 1920 జనవరి 1వ తేదీన మిగిలిన ఒప్పందములును రద్దయినవి.

ఇంటిపేరునకు గడి లేదు

మనలో పెక్కుమంది కార్యాలయములలో కాగితములతో కాలము గడుపువారము. కనుక ఇపుడు ఒక కాగితమును గూర్చి చెప్పెదను.

ఓడ ఎక్కు ప్రతి కూలీకి ఒక వలస పాసు వ్రాసిరి. అందు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దగ్గరి బంధువు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు మొదలగువానికి గడులు కలవు. వ్రాసినవాడు గుమాస్తా, వ్రాసినది ఆంగ్ల లిపిలో, విన్నది విన్నట్లు. కూలీ చదువుకొన్నవాడు కాడు. తప్పు వ్రాసినచో దిద్దుమనలేడు. ఆ పాసును బట్టియే నుకులావు మీద వారిని లెక్కించి, వైద్యపరీక్ష చేసి, తోటలవారీగా పంచిరి. ఓడలో కలిసి అన్నము తిని అన్నదమ్ములైనవారు, ఒకరికొకరు "జహాజీ భాయి" లనుకొన్నవారు, ఆ యిసుకమీద విడిపోయి వేరువేరు తోటలకు పడవలెక్కిరి.

ఆ పాసులో కులమునకు గడి యున్నది, మచ్చకు గడి యున్నది. తెలుగువాని ఇంటిపేరునకు మాత్రము గడి లేదు. ఉత్తరాది పద్ధతి నెరిగి అచ్చువేయించిన పత్రమది. మనలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఇంటిపేరును బట్టి వంశము, వంశమును బట్టి ఊరు, చుట్టరికము తెలియును. పెండ్లి సంబంధము మాటాడునపుడు మొదటి ప్రశ్న అదే. గడి లేనందున అది వ్రాయబడలేదు. వ్రాయబడనందున ఒకటి రెండు తరములలో మరపున పడినది. ఫిజీలో గిర్మిటియా పేరే అతని మనుమలకు ఇంటిపేరైనది. లేకున్న నాయుడు, రెడ్డి మొదలగు బిరుదములు ఆ చోట నిలిచినవి. గుమాస్తాకు ద్వేషము లేదు. అతడు గడులు నింపెను, అంతియే. అయినను ఒక జాతి జ్ఞాపకములో కొంత భాగము ఆ సిరాతోనే చెరిగిపోయినది.

కాని ఆ కాగితమే మరియొక మేలు చేసినది. పాసులు ఫిజీ జాతీయ దస్తావేజుల భాండారములో నేటికిని భద్రముగా నున్నవి. అందు గ్రామము పేరు ఎంత వికృతముగానున్నను ఉన్నది గనుక, ముత్తాత ఊరేదో తెలిసికొనుటకు మునిమనుమలు ఆ పాసులనే ఆశ్రయించుచున్నారు. ఇంటిపేరు పోయినది, ఊరిపేరు మిగిలినది.

ఇక భాష మాట. తోటలలో అవధీ, భోజపురీ మాట్లాడువారే అధికులు. వారి మాటలు కలిసి ఫిజీ హిందీ యను ఒక క్రొత్త భాష ఏర్పడెను. పనికిని, బజారుకును అదే భాష. దక్షిణాదినుండి ఆలస్యముగా వచ్చినవారిని, తెలుగువారైనను తమిళులైనను, "మద్రాసీ"లని పిలిచిరి. ఆ పిలుపు జంషెడ్పూరులో మనకును క్రొత్త కాదు. 1926లో సాధు కుప్పుస్వామి మొదలగువారు దక్షిణాదివారందరికొరకు తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగమును స్థాపించి పాఠశాలలు తెరచిరి. తెలుగునకు ప్రత్యేకముగా చోటు కావలెనని తలచినవారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును ఏర్పరచుకొనిరి. చెరకు కొట్టి కూడబెట్టిన డబ్బుతో, పుట్టినగడ్డను ఎన్నడు చూడని బిడ్డలకు, అచ్చు పుస్తకములు దొరకని దేశమున, అ ఆ లు నేర్పించుట వారి పూనిక. మన ఈ సంఘమునకు వారు పెద్దన్నలవంటివారు.

ఆ పూనిక పూర్తిగా ఫలించినదని చెప్పజాలము. నేడు ఫిజీ తెలుగు కుటుంబములలో అధికభాగము ఇంట మాటాడునది ఫిజీ హిందీయే. గుడి నిలిచినది, పండుగ నిలిచినది, పేరు చివర రెడ్డి నిలిచినది. వాడుకలో తెలుగుమాట మాత్రము పలుచబడినది. బడిలో వారమునకు కొన్ని గంటలు నేర్చిన భాషను, దినమంతయు వినవచ్చు భాష మ్రింగివేసినది. సంగమువారి లోపమని నేననను. తల్లి వంటయింట పలుకని మాటను ఏ బడియు బ్రదికింపజాలదు.

తిరిగి దిబ్బకు

ఫిజీ 1970 అక్టోబరు 10వ తేదీన స్వతంత్రమైనది. 1987 మే 14వ తేదీన, అనగా లియోనిడాస్ చేరిన దినముననే, సైన్యము ప్రభుత్వమును పడగొట్టెను. పిమ్మట వేలకొలది భారతీయ కుటుంబములు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడాలకు మరల వలసపోయిరి. 1966లో జనాభాలో సగమునకు కొంచెము మించియున్న భారతీయులు 2007 లెక్కలలో 37.5 శాతము మాత్రమే.

2000 మే నెలలో మరల అలజడి. భారతసంతతి వాడైన తొలి ప్రధానమంత్రి మహేంద్ర చౌదరిని జార్జి స్పైట్ అనునతని అనుచరులు శాసనసభలో బంధించిరి. ఆ స్పైట్ పట్టుబడిన పిమ్మట అతనిని 2006 వరకు ఎక్కడ నుంచిరో తెలియునా? నుకులావు మీదనే. గిర్మిటియాల తొలి మజిలీ, గిర్మిటియాల మనుమనిని పదవినుండి త్రోసినవానికి చెరసాల యైనది. యావజ్జీవ శిక్ష పొందిన స్పైట్‌ను 2024లో క్షమించి విడిచిరి. అతడు వేరొక చెరసాలకు పోయిన తరువాత దీవి ప్రజలకు విహారస్థలమైనది. సువా కుటుంబములు సెలవుదినములలో అన్నము కట్టుకొని అచటికి పోవుదురు. 2023 నుండి గిర్మిట్ దినము ఫిజీలో ప్రభుత్వపు సెలవుదినము.

మన రాక వారి రాకవంటిది కాదు. మనకు బదిలీ ఉత్తరువుండెను, రైలు టికెట్టుండెను; సెలవు దొరికినచో మరునాటికి బరంపురము దాటి మన ఊరి గాలి పీల్చుకొనగలము. వారికి సముద్రమే గోడ. అందుచేతనే వారి పట్టుదల గొప్పది, మన యలసత్వము క్షమింపరానిది. మన బిడ్డలను ఇచటి బడిలో చేర్చునపుడు "టైటిల్ ఏమి?" యని అడుగుదురు. తొందరలో తండ్రి పేరో, కులనామమో వ్రాయించి వచ్చుచున్నాము. ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా మిగులుచున్నది, కొన్నిచోట్ల అదియు లేదు. ఇది బలవంతపు గిర్మిట్ కాదు. గడి నింపునది మన చేయియే.

కావున ఈ సంచిక చదివిన పిమ్మట ప్రతి యింట పెద్దలొక పని చేయవలెనని నా మనవి. ఒక నోటుపుస్తకములో, తెలుగు లిపిలో, ఇంటిపేరు, తాత ముత్తాతల పేర్లు, ఊరు, ఊరి చెరువు, ఊరి దేవత, ఇవన్నియు బిడ్డచేతనే వ్రాయింపుడు. తప్పులుండిన దిద్దుడు. ఫిజీలోని మునిమనుమడు దస్తావేజుల భాండారములో వెదకుకొనుచున్నది ఇదియే. మన బిడ్డకు దీనిని భోజనపు పీటమీదనే ఇయ్యవచ్చును.